లస్కరు లేని కాలువ, నర్సు లేని ఊరు

సార్వా ధాన్యం తోలేశాం, దాళ్వాకి నారుమళ్ళు పోశాం, మధ్యలో నాలుగు రోజులు తెరిపి దొరికింది. ఎప్పుడూ విత్తనాలు, ఎరువులు, ధాన్యం డబ్బుల గురించే రాస్తుంటాను. ఈసారి మన ఊరి క్లినిక్ గురించి, అందులో కూర్చునే నర్సు గురించి రాస్తున్నాను. కాస్త పెద్ద పోస్టే. ఓపిగ్గా చదవండి, ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చదివి వినిపించండి.

ముందు ఒక లెక్క వేద్దాం. కొవ్వూరు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బీపీ చూపించుకోడానికి రాజమండ్రి వెళ్ళే మనిషికి ఎంతవుతుంది? ఊళ్ళోంచి కొవ్వూరుకి ఆటో, అక్కణ్ణుంచి వంతెన దాటడానికి బస్సో ఇంకో ఆటోనో. రోడ్డు కం రైలు వంతెన మరమ్మతులని మూసేస్తే గామన్ బ్రిడ్జి మీంచి చుట్టు తిరిగి పోవాలి. ఆసుపత్రిలో చీటీ ఫీజు, పరీక్షలు, మందులు. డాక్టరు గారు చూసేది మూడు నిమిషాలు, రాసేది పాత మందులే. ఇల్లు చేరేసరికి పొద్దు వాలిపోతుంది. కూలి మనిషికైతే ఆ రోజు కూలి పోయినట్టే, తోడు వెళ్ళినవాళ్ళది కూడా పోయినట్టే. రైతుకైతే ఆ పూట నీరు పెట్టేవాడు ఉండడు. ఇది ప్రతి నెలా జరగాలి. జరుగుతుందా? రెండు నెలలు వెళ్తారు, మూడో నెల కోతలని ఆగుతారు, నాలుగో నెలకి "ఒంట్లో బాగానే ఉంది కదా" అని మాత్రే మానేస్తారు.

బీపీతో చిక్కు అక్కడే ఉందండి. అది నొప్పి పెట్టదు. కాండం తొలిచే పురుగు లోపల తింటూ ఉంటుంది, చేను పైకి పచ్చగానే కనిపిస్తుంది. తెల్లకంకి బయటపడ్డాక గాని మనకి తెలీదు. అప్పుడు ఏ మందు కొట్టినా ఆ కంకి తిరిగి రాదు. బీపీ కూడా అంతే. లోపల మెదడు నరాల్ని, గుండెని, మూత్రపిండాల్ని తినేస్తుంటే పైకి మనిషి దుక్కలా తిరుగుతుంటాడు. ఒకరోజు పొద్దున్నే మూతి వంకర పోతుంది, చెయ్యి లేవదు. మన ఊళ్ళల్లో యాభై, యాభై ఐదేళ్ళకే మంచాన పడ్డవాళ్ళని లెక్కపెట్టుకోండి. వాళ్ళల్లో ఎంతమంది మాత్ర మానేసినవాళ్ళో ఇంట్లోవాళ్ళని అడగండి.

ఇదేదో మన ఒక్క ఊరి గొడవ కాదు. భారత వైద్య పరిశోధన మండలి వాళ్ళు దేశమంతా తిరిగి చేసిన పెద్ద సర్వే 2023లో బయటికొచ్చింది. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని, పెద్దవాళ్ళలో నూటికి 35 మందికి బీపీ ఉందని అందులో తేలింది. అంటే వంద మంది పెద్దవాళ్ళు కూర్చున్న పెళ్ళి పందిట్లో 35 మందికి ఉన్నట్టు. ఇంతమందిని నెలనెలా చూడ్డానికి ఏ దేశంలోనూ డాక్టర్లు సరిపోరు. డాక్టరు చదువు చదివినాయన పల్లెటూరికి వచ్చి కూర్చుంటాడని కూడా మనం ఎదురుచూడక్కర్లేదు. నిజం చెప్పాలంటే ఆ పనికి డాక్టరు అక్కర్లేదు కూడా.

ఎందుకో మన కాలువ లెక్కలో చెప్తాను. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852 నాటికి పూర్తి చేశాడు. మన పక్కనే విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా కాలువ మొదలవుతుంది. ఎంత నీరు వదలాలో లెక్క కట్టడానికి ఇంజనీరు కావాల్సిందే. కానీ చివరి చేను దాకా నీరు రావాలంటే రోజూ కాలువ గట్టున తిరిగి, తూము ఎత్తి దించి, గండి పడితే ముందే పసిగట్టి పైకి కబురు పంపే లస్కరు ఉండాలి. లస్కరు ఇంజనీరు పని చెయ్యడు. ఇంజనీరు లస్కరు పని చెయ్యలేడు. లస్కర్లు తగ్గిపోయాక శివారు చేలకి ఏం గతి పట్టిందో మనకి ఒకరు చెప్పాలా?

వైద్యంలో ఆ లస్కరు పని చేసేది నర్సు. దానికి సరిపడా చదువు, దానికి సరిపడా అధికారం ఇచ్చి ఊళ్ళో కూర్చోబెడితే సగం రోగాలు గండి పడకముందే ఆగుతాయి. ఇదే నేను చెప్పదల్చుకున్న మాట.

మన ఊళ్ళో ఆవిడ ఎవరు? నర్సమ్మ అని మనం పిలిచే ఏఎన్‌ఎం గారు వేరు, ఆశా కార్యకర్త వేరు. క్లినిక్‌లో కుర్చీలో కూర్చుని బీపీ చూసే మేడం సీహెచ్‌ఓ. అంటే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు. మన రాష్ట్రంలో ఎంఎల్‌హెచ్‌పీ అని కూడా అన్నారు. బీఎస్సీ నర్సింగ్ చదివి, దాని మీద ఊరి వైద్యం కోసం పెట్టిన ఆరు నెలల కోర్సు చేసినవాళ్ళు. ఆ తర్వాత ఆ కోర్సుని నర్సింగ్ డిగ్రీలోనే కలిపేశారు. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద దేశమంతా ఉపకేంద్రాల్ని ఇలా మార్చడం మొదలైంది. మన రాష్ట్రంలో 10 వేలకు పైగా ఊరి క్లినిక్‌లు పెట్టారు. 2022 అక్టోబరు నుంచి ఫ్యామిలీ డాక్టర్ పేరుతో పీహెచ్‌సీ డాక్టరు 104 బండిలో ఊరికి వచ్చి చూసే పద్ధతి కలిపారు. తర్వాత బోర్డుల మీద పేర్లు మారాయి, రంగులు మారాయి. పార్టీల సంగతి మనకొద్దు. లోపల జరగాల్సిన పని ఒక్కటే.

ఆ పని ఏంటో చాలామందికి తెలీదు. ఉపకేంద్రం స్థాయిలో 105 రకాల మందులు, 14 రకాల పరీక్షలు ఉండాలని కేంద్ర నిబంధన. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి మనిషికీ బీపీ, షుగరు చూడాలి. నోటి క్యాన్సరు, ఆడవాళ్ళకి రొమ్ము క్యాన్సరు, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు అనుమానాలు ముందే పట్టాలి. పొగాకు నమిలేవాళ్ళు, చుట్ట తాగేవాళ్ళు మన వైపు తక్కువా? అడ్డపొగ అలవాటున్న ముసలమ్మలు ఇంకా ఉన్నారు. నోట్లో తెల్లమచ్చ ఉందేమో టార్చి వేసి చూడ్డానికి పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు, చూడాలని తెలిసిన మనిషి ఉంటే చాలు. డాక్టరు ఒకసారి చూసి మందు ఖాయం చేశాక, ఎంలోడిపిన్, మెట్‌ఫార్మిన్ లాంటి మాత్రలు నెలనెలా ఆవిడే ఇస్తారు. కొలత తేడాగా ఉంటే ఈ-సంజీవనిలో ఫోన్ వీడియో కలిపి డాక్టరుతో మాట్లాడిస్తారు. లేదంటే పైకి పంపిస్తారు. ఇన్ని పనుల్లో ఒక్కదానికీ మన జేబులోంచి రూపాయి పోదు.

"డాక్టరు కాని మనిషి చూస్తే ఏం చూస్తుంది?" అని కొందరి సందేహం. అమెరికాలో ఉన్న మన పిల్లల్ని ఒకసారి అడగండి. జ్వరమొచ్చి క్లినిక్‌కి వెళ్తే చాలాసార్లు వాళ్ళని చూసేది నర్స్ ప్రాక్టీషనరే. పరీక్ష చేసేది, మందు రాసేది ఆవిడే. ఆ పద్ధతి అక్కడ ఎలా పుట్టిందో తెలిస్తే మనకి కొత్తగా అనిపించదు. 1965లో కొలరాడో రాష్ట్రంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదలుపెట్టారు. ఆవిడ పల్లెలు తిరిగిన ప్రజారోగ్య నర్సు. డాక్టర్లు దొరకని ఊళ్ళల్లో పిల్లల్ని చూసేవాళ్ళు లేరని, నర్సుకి ఇంకాస్త చదువు చెప్తే ఆ పని చెయ్యగలదని ఆవిడ వాదన. డాక్టర్లలోనే కాదు, నర్సుల్లో కూడా చాలామంది ఒప్పుకోలేదు. ఆవిడ నిలబడింది. 2025 జనవరిలో 104 ఏళ్ళ వయసులో పోయేనాటికి ఆ దేశంలో నర్స్ ప్రాక్టీషనర్లు మూడున్నర లక్షలు దాటారు. సగానికి పైగా రాష్ట్రాల్లో డాక్టరు సంతకం అక్కర్లేకుండానే వాళ్ళు వైద్యం చేస్తున్నారు. గొప్ప దేశంలో పల్లెల కోసం పుట్టిన పద్ధతి అది.

మనకి కూడా ఇలాంటిది ఒకప్పుడు ఉందండి. పెద్దవాళ్ళు ఎల్‌ఎంపీ డాక్టరు గారు అంటుంటే వినే ఉంటారు. ఎంబీబీఎస్ కంటే చిన్న కోర్సు చదివి చిన్న ఊళ్ళల్లో వైద్యం చేసినవాళ్ళు. 1946లో భోర్ కమిటీ దేశమంతటికీ ఒకే రకం డాక్టరు చదువు చాలంది. ఆ కమిటీలోనే కొందరు వద్దన్నారు, పల్లెలకి నష్టమన్నారు. చివరికి ఎల్‌ఎంపీ చదువు ఆగిపోయింది. పెద్ద చదువు చదివినవాళ్ళు పట్నాల్లో ఉండిపోయారు. ఊళ్ళల్లో ఆ ఖాళీ కుర్చీలో ఆర్‌ఎంపీలు కూర్చున్నారు. వాళ్ళని నేను తిట్టబోవడం లేదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది వాళ్ళే. కానీ ఒళ్ళు నొప్పులకి వారం వారం సూది, నీరసానికి సెలైన్, ప్రతి జ్వరానికీ స్టెరాయిడు అలవాటైతే ఏమవుతుంది? నొప్పి మాత్రలు ఏళ్ళ తరబడి మింగితే మూత్రపిండాలు పాడవుతాయి. స్టెరాయిడుతో షుగరు పెరుగుతుంది. కోతల టైములో "ఒక సూది వేసేయండి, పొద్దున్నే పనికెళ్ళాలి" అనే మాట ప్రతి ఊళ్ళోనూ వినిపిస్తుంది. నాలుగేళ్ళ నర్సింగ్ డిగ్రీ చదివిన అమ్మాయి ఊళ్ళోనే ఉండగా ఆ సూదికి డబ్బులిచ్చి మరీ వెళ్తున్నారంటే కారణం ఒక్కటే. సూది వేస్తేనే వైద్యం అని మనకి బుర్రలో పడిపోయింది. ఆవిడ బీపీ చూసి, ఉప్పు తగ్గించమని చెప్పి, మాత్ర ఇచ్చి పంపిస్తే "ఏం చూడలేదు" అంటారు.

డాక్టర్ల భయం కూడా వినాలి. 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం వచ్చినప్పుడు, డాక్టరు కానివాళ్ళకి పరిమితంగా వైద్యం చేసే లైసెన్సు ఇచ్చే సెక్షన్ 32 మీద దేశమంతా డాక్టర్లు సమ్మె చేశారు. పట్నం వాళ్ళకి పూర్తి డాక్టరు, పల్లెటూరి వాళ్ళకి సగం డాక్టరా అన్నది వాళ్ళ ప్రశ్న. మన మంచికే అడిగిన ప్రశ్న అది, కొట్టిపారెయ్యలేం. దానికి జవాబు ఆ నర్సుకి ఇచ్చే శిక్షణలో ఉంది, గీత ఎక్కడ గీశామన్న దాంట్లో ఉంది. నర్సులు ప్రాథమిక వైద్యం చేసిన చోట ఫలితాలెలా ఉన్నాయో 18 పరిశోధనల్ని కలిపి కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2018లో చూసింది. రోగుల ఆరోగ్యం డాక్టర్లు చూసినప్పటితో సమానంగానో కొంచెం మెరుగ్గానో ఉంది. నర్సులు ఎక్కువసేపు మాట్లాడారు, రోగులు ఎక్కువ తృప్తి పడ్డారు. అయితే ఆ పరిశోధనలు దాదాపు అన్నీ డబ్బున్న దేశాల్లోవి, ఆ నర్సులు గట్టి శిక్షణ పొందినవాళ్ళు. కాబట్టి ఆరు నెలల కోర్సు చేసిన అమ్మాయిని అమెరికా నర్స్ ప్రాక్టీషనరుతో సమానం అనలేం. మందు కొత్తగా మొదలుపెట్టడం డాక్టరు పని, దాన్ని ఆగకుండా నడిపించడం ఈవిడ పని అన్న గీత ప్రస్తుతానికి సరైనదే.

ఆ గీత లోపల కూడా ఎంత సాధించొచ్చో పక్క రాష్ట్రం చూపించింది. 2017లో బీపీ అదుపు కోసం ఐదు రాష్ట్రాల్లో కొన్ని జిల్లాలు తీసుకుని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. అందులో తెలంగాణ ఒకటి. పద్ధతి చాలా సులువు. అందరికీ ఒకే రకం మందుల వరస, మందు ఎప్పుడూ అయిపోకుండా చూడ్డం, ఇంటికి దగ్గర కేంద్రంలోనే నెల మాత్రలు ఇవ్వడం, నర్సులు కొలిచి రాసిపెట్టడం, రానివాళ్ళకి గుర్తు చెయ్యడం. 2022లో ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది దానికి. కొత్త మందు ఏదీ కనిపెట్టలేదండి. పాత మాత్రనే ఆగకుండా అందించారు.

కాన్పుల సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో వంద కాన్పుల్లో 42 సిజేరియన్లు, తెలంగాణలో 60. అక్కడ 2017లోనే కరీంనగర్‌లో నర్సులకి మంత్రసాని విద్యలో 18 నెలల గట్టి శిక్షణ మొదలుపెట్టారు, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ సాయంతో. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ ఆ పద్ధతి తెస్తూ వాళ్ళకి పెట్టిన పేరు నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ. మామూలు కాన్పు మామూలుగా జరిగేలా పక్కన కూర్చుని ఓపిక పట్టే మనిషి ఆవిడ. తేడా వస్తే డాక్టరుని పిలుస్తుంది. ఒక్కో ఆపరేషన్ కాన్పుకి ప్రైవేటులో ఎంత అప్పు చేస్తున్నామో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు.

ఇక మన క్లినిక్‌ల దగ్గరికి వద్దాం. అన్నీ బాగున్నాయని నేను చెప్పను. కొన్ని నెలలు షుగరు మాత్రలు ఉండవు. పరీక్ష స్ట్రిప్పులు అయిపోతాయి. మేడం ఒక పూట సర్వేకి వెళ్తారు, ఇంకో పూట ఫోన్‌లో వివరాలు ఎక్కిస్తూ కూర్చుంటారు. కూలి మనిషి పొలం నుంచి వచ్చేసరికి తలుపు వేసేసి ఉంటుంది. రెండుసార్లు తాళం చూసినవాడు మూడోసారి రాడు. ఇవన్నీ ఉన్న సంగతులే. వాళ్ళ వైపు కూడా చూడాలి. వాళ్ళది కాంట్రాక్టు ఉద్యోగం. 2025 వేసవిలో రాష్ట్రమంతా సీహెచ్‌ఓలు సమ్మెకి దిగారు. ఉద్యోగం ఖాయం చెయ్యమని, పీఎఫ్ ఇమ్మని, పెండింగు ప్రోత్సాహకాలు ఇమ్మని అడిగారు. ఆ వారాల్లో క్లినిక్‌కి వెళ్ళి వెనక్కొచ్చిన ముసలివాళ్ళకి ఆవిడ విలువ తెలిసింది. నీరు ఆగాకే కదా లస్కరు గుర్తొచ్చేది. రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషి ఊరి మీద మనసు పెట్టి ఏళ్ళ తరబడి ఉండాలంటే కుదరదు. మూడేళ్ళు మన అమ్మల బీపీ చూసి, ఎవరికి ఏ మాత్ర పడదో తెలుసుకున్న అమ్మాయి వెళ్ళిపోతే కొత్తావిడ మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాలి.

అందుకని మనం చెయ్యగలిగిన పనులు కొన్ని చెప్తాను.

ముప్పై దాటిన ప్రతి ఒక్కరూ ఈ నెలలో ఒక్కసారి వెళ్ళి బీపీ, షుగరు చూపించుకోండి. పది నిమిషాల పని. 140/90 కానీ, అంతకన్నా ఎక్కువ కానీ రెండు మూడుసార్లు వస్తే డాక్టరుతో మాట్లాడించమని అడగండి. మందు మొదలుపెట్టాక బాగానే ఉందని మానొద్దు. బాగా ఉన్నది ఆ మాత్ర వల్లే. ఒక చిన్న నోటుపుస్తకంలో తారీఖు, కొలత రాయించుకుని దగ్గర పెట్టుకోండి. పెద్దాసుపత్రికి వెళ్ళాల్సి వచ్చినా అది పనికొస్తుంది.

కౌలు రైతులు, మగ కూలీలు క్లినిక్‌కి వెళ్ళరు. వెళ్ళేది ఎక్కువగా ఆడవాళ్ళే. మీ దగ్గర పనికొచ్చేవాళ్ళకి మీరే చెప్పండి, ఒక పూట గంట ముందు వదలండి. నాట్లు, కోతల రోజుల్లో సాయంత్రం ఒక గంట క్లినిక్ తెరవడం కుదురుతుందేమో పంచాయతీలో అడుగుదాం. మందులు లేకపోతే ఆవిడ మీద అరవకండి. ఏ మందు ఎన్నాళ్ళ నుంచి లేదో రాసి గ్రామసభలో పెట్టండి, పీహెచ్‌సీకి ఇవ్వండి. నీరు రాకపోతే నీటి సంఘాన్ని అడగమూ?

కొన్నిటికి మాత్రం క్లినిక్ కోసం ఆగొద్దు. గుండెలో బరువుగా నొప్పి, మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి దాన్ని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే పడాలి. పాము కరిస్తే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, గట్టిగా తాడు కట్టొద్దు. కరిచిన కాలు కదపకుండా విరుగుడు మందు ఉన్న ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి. పురుగుమందు ఒంట్లోకి పోతే ఆ డబ్బా కూడా వెంట పట్టుకెళ్ళండి, ఏ మందో తెలిస్తే డాక్టరుకి సులువు.

మిగతా వాటికి, నెలనెలా చూసుకోవాల్సిన వాటికి మాత్రం మేడం దగ్గరికి వెళ్ళండి. మనుషులు వస్తున్న క్లినిక్‌ని ఏ ప్రభుత్వమూ మూసెయ్యలేదు. ఎవరూ రాకపోతే మాత్రం నడపడానికి కారణం ఉండదు. ఈ వారంలో మీ ఊరి క్లినిక్ ఎన్ని గంటలకి తెరుస్తున్నారో కనుక్కుని, ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరినైనా తీసుకెళ్ళండి. ఉంటానండి.